పాత లైట్‌రూమ్, కొత్త కెమెరా

కొత్త కెమెరా కొన్నారు. దాంతో మొదటి పెళ్లి తీశారు. ఇంటికొచ్చి మెమరీ కార్డు పెట్టి, ఎప్పటిలాగే లైట్‌రూమ్ 6 తెరిచి ఇంపోర్ట్ నొక్కితే, ఈ ఫైళ్లను గుర్తించలేకపోతున్నానని తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఎవరినడిగినా ఒకటే సలహా: పాతది తీసేసి, నెలనెలా డబ్బు కట్టే కొత్తది పెట్టుకో. ఆ డబ్బు కట్టేముందు ఈ అధ్యాయం చదవండి. మీ సాఫ్ట్‌వేర్‌కు ఏం చేతకాదో, ఏం చేతనవునో తెలిశాక నిర్ణయం మీరే తీసుకోవచ్చు.

నా మాట ముందే చెప్పేస్తాను. రా ఫైలును దిద్దే పనిలో ముప్పాతిక మువ్వీసం పదేళ్ల కిందటి సాఫ్ట్‌వేర్‌తో చక్కగా జరిగిపోతుంది. జరగని కాస్తా ఎక్కడుందో గుర్తుపట్టగలిగితే, డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో కూడా తెలుస్తుంది. అది గుర్తుపట్టకుండా కొత్తది కొన్నవాళ్లు కొత్తదాంట్లోనూ పాత స్లైడర్లనే, పాత పద్ధతిలోనే జరుపుతూ ఉంటారు.

ఆగిపోయింది ఏమిటి?

ఫోటోషాప్‌ను తయారుచేసిన నోల్ సోదరుల్లో పెద్దవాడైన థామస్ నోల్, 2003లో ఫోటోషాప్ 7 కోసం కెమెరా రా అనే ప్లగిన్ తెచ్చారు. మన స్టూడియోల్లో ఆల్బమ్ డిజైనింగ్ నేర్చుకున్న ఒక తరానికి చెయ్యి తిరిగింది ఆ ఫోటోషాప్ 7 మీదే. కానీ ఆ ప్లగిన్‌ను అప్పట్లో విడిగా కొనాలి కాబట్టి మనలో చాలామంది దాని మొహం చూడలేదు. అదే ఏడాది చివర్లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్‌లో అది లోపలే చేరింది. 2007లో లైట్‌రూమ్ వచ్చింది. అందులో వెలుగునూ రంగునూ లెక్కకట్టే ఇంజిన్ కూడా ఈ కెమెరా రానే. 2012లో లైట్‌రూమ్ 4, ఫోటోషాప్ సీఎస్6 వచ్చినప్పుడు ఆ ఇంజిన్‌ను చాలావరకు తిరగరాశారు. ఆ మరుసటి ఏడు మే నెలలో, సీఎస్ వరుసలో ఇక కొత్త వెర్షన్లు రావని, ఇకపై అంతా చందా పద్ధతేనని అడోబీ ప్రకటించింది. లైట్‌రూమ్ మాత్రం ఒకసారి కొని ఉంచుకునే రూపంలో ఆ తరవాత కూడా వచ్చింది. అలా వచ్చినవాటిలో చివరిది 2015 ఏప్రిల్ నాటి 6వ వెర్షన్. దాని చివరి అప్‌డేట్ 6.14 వచ్చింది 2017 డిసెంబరులో.

ఈ తేదీలు గుర్తుంచుకోవలసిన కారణం ఉంది. ఆ డిసెంబరుతో ఆగిపోయింది అది గుర్తుపట్టే కెమెరాల జాబితా. ఇంజిన్ ఆగలేదు. కానన్ 2018లో ఈఓఎస్ ఎం50 కెమెరాతో సీఆర్3 అనే కొత్త రకం ఫైలు తెచ్చింది. లైట్‌రూమ్ 6 జాబితా అప్పటికే ఆగిపోయింది కాబట్టి దానికి ఆ రకం తెలియదు. నికాన్ తన రా ఫైళ్లకు ఉన్న ఎన్ఈఎఫ్ అనే పేరును మార్చలేదు, కానీ లోపల కొత్త మోడల్ పేరు కనిపిస్తే పాత లైట్‌రూమ్ వెనక్కి తగ్గుతుంది. రెండు సందర్భాల్లోనూ అడ్డు వాకిట్లోనే ఉంది. లోపలికి రానిస్తే ఆ ఫైలును దిద్దడం దానికి బాగానే వచ్చు.

ఎందుకు వచ్చో తెలియాలంటే రా ఫైలులో ఏముందో ఒకసారి చూడాలి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో ఒక పేటెంటు వచ్చింది. సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రంగు ఫిల్టరు పెట్టే పద్ధతి అది. ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. వెలుగులోని సూక్ష్మమైన తేడాలను మన కన్ను ఆకుపచ్చ దగ్గరే ఎక్కువగా పసిగడుతుంది కాబట్టి దానికి రెండు వాటాలు ఇచ్చాడు. ఇవాళ్టి కెమెరాల్లో అత్యధికం ఇప్పటికీ ఆ అమరికతోనే నడుస్తున్నాయి. రా ఫైలు అంటే ఆ పిక్సెళ్ల కొలతల పట్టిక. ఒక్కో పిక్సెల్ దగ్గర ఒక్క రంగు కొలతే ఉంటుంది. మిగతా రెండు రంగులను ఇరుగుపొరుగు పిక్సెళ్లను చూసి సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది. 2015 నాటి ఇంజిన్‌కు ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఇంకో సంగతి కూడా తెలిసుంటే స్లైడర్ల మీద చెయ్యి సరిగ్గా ఆడుతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 12 బిట్ల రా ఫైలులో 4,096, 14 బిట్లయితే 16,384. సెన్సర్ కొలత సూటిగా ఉంటుంది, అంటే వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుంది. దానివల్ల 12 బిట్ల ఫైలులో అన్నిటికంటే వెలుగైన ఒక్క స్టాపే 2,048 మెట్లు తీసేసుకుంటుంది. దాని కిందది 1,024, ఆ కిందది 512. చీకటి మూలలకు వచ్చేసరికి మిగిలేవి పదుల్లోనే. చీకటిగా తీసి, తరవాత షాడోస్ లాగుదాంలే అనుకున్న ఫోటోలో చుక్కలు లేవడానికి ఒక కారణం ఇదే. అసలు సెన్సర్‌కు అందిన వెలుగే తక్కువ కావడం రెండో కారణం. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా లేని మెట్లను పుట్టించలేదు. కాబట్టి తెల్లటి భాగాలు తెల్లగా ఎగిరిపోకుండా చూసుకుంటూ, వీలైనంత వెలుగుగా తీయండి. పాత సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం.

వాకిలి తెరిచే పని

అడోబీ 2004లో డీఎన్‌జీ అనే ఫైలు రకాన్ని ప్రకటించింది. రా కొలతలను అందరికీ తెలిసిన ఒకే ఒరలో పెట్టే ఏర్పాటు అది. దానికి తోడుగా డీఎన్‌జీ కన్వర్టర్ అనే చిన్న ప్రోగ్రామును ఉచితంగా ఇస్తోంది. చందా కట్టనక్కరలేదు. కొత్త కెమెరాలు వస్తున్నకొద్దీ దానికి అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి. మీ లైట్‌రూమ్‌కు ఆగిపోయిన జాబితాను ఇది బయటి నుంచి భర్తీ చేస్తుంది.

పద్ధతి తేలికే. కార్డులోని ఫైళ్లను ముందు హార్డ్ డిస్క్‌కు కాపీ చేయండి. కన్వర్టర్‌లో ఆ ఫోల్డరు చూపించి, డీఎన్‌జీలు వెళ్లాల్సిన చోటు ఇంకొకటి చూపించండి. తరవాత ప్రిఫరెన్సెస్‌లో కంపాటిబిలిటీ అనే చోటుకు వెళ్లండి. అందరూ పొరబడేది ఇక్కడే. ఏమీ మార్చకుండా వదిలేస్తే అది కొత్త వెర్షన్లకు సరిపోయే ఫైలు తయారుచేయవచ్చు. లైట్‌రూమ్ 4, 5, 6కు గానీ ఫోటోషాప్ సీఎస్6కు గానీ అయితే కెమెరా రా 7.1, ఆపై అన్నదాన్ని ఎంచుకోండి. సీఎస్5 వాడేవారికి 6.6, సీఎస్4కు 5.4, సీఎస్3కి 4.1. లాసీ కంప్రెషన్ అన్న గడిలో టిక్కు ఉండకూడదు. అసలు రా ఫైలును డీఎన్‌జీ లోపలే దాచే సదుపాయమూ ఉంది గానీ, ఫైలు సైజు రెట్టింపు దాకా పెరుగుతుంది. దానికంటే అసలు ఫైళ్లను వేరే డిస్కులో ఉంచుకోవడం మేలు. ఉంచుకోవడం మాత్రం తప్పనిసరి. డీఎన్‌జీ వచ్చేసింది కదా అని సీఆర్3లనూ ఎన్ఈఎఫ్‌లనూ చెరిపేయకండి. కెమెరా కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్‌కు కావలసింది ఆ అసలు ఫైళ్లే.

ఫ్యూజీ కెమెరా ఉన్నవారికి ఒక హెచ్చరిక. 2012లో ఎక్స్-ప్రో1తో మొదలైన వారి ఎక్స్-ట్రాన్స్ సెన్సర్‌లో రంగు ఫిల్టర్ల అమరిక బేయర్‌ది కాదు, ఆరుకు ఆరు గళ్ల వేరే వరస. పాత లైట్‌రూమ్ ఈ ఫైళ్లను తెరుస్తుంది, కానీ చెట్ల ఆకులు, గడ్డి ఉన్నచోట షార్పెనింగ్ పెంచితే నీటిరంగులు పూసినట్టు అలుక్కుపోతాయి. మీ మోడల్‌కు కుదిరితే, అలాంటి ఫోటోలకు ఫ్యూజీ ఉచితంగా ఇచ్చే ఎక్స్ రా స్టూడియో వాడండి. కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలిస్తే, కెమెరాలోని ప్రాసెసరే రా ఫైలును ఫోటోగా మార్చి పెడుతుంది.

మండపంలో రంగులు

డీఎన్‌జీలు లైట్‌రూమ్‌లోకి వచ్చాయి. ఇప్పుడు అసలు పని. ఒక్కటి చెప్పనివ్వండి: ఎక్స్‌పోజర్ స్లైడర్ ముట్టుకునేముందు రంగు తేల్చండి. వైట్ బ్యాలెన్స్ కదిలితే మూడు రంగుల పాళ్లూ కదులుతాయి, దాంతో హిస్టోగ్రామ్ కూడా జరుగుతుంది. ముందు వెలుగు సరిచేసి తరవాత రంగు మారిస్తే ఆ వెలుగు పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

మన పెళ్లి మండపం రంగుల విషయంలో ప్రపంచంలోని కఠినమైన పరీక్షల్లో ఒకటని నా నమ్మకం. అర్ధరాత్రి ముహూర్తం. ఒక పక్క వీడియో తీసేవారి లైటు, ఇంకో పక్క మండపానికి చుట్టిన పసుపు బల్బులు, వెనకాల డెకరేషన్ వాళ్ల ఊదా రంగు ఎల్ఈడీ పార్ లైట్లు, మధ్యలో మీ ఫ్లాష్. మామూలు బల్బు వెలుగు సుమారు 2,800 నుంచి 3,200 కెల్విన్, ఫ్లాష్ సుమారు 5,500. ఒకే మొహం మీద రెండూ పడితే ఏ ఒక్క అంకె పెట్టినా సగం మొహానికే కుదురుతుంది. ఈ సమస్య నిన్న వచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది.

చాలామంది వైట్ బ్యాలెన్స్ డ్రాపర్ తీసుకుని కనిపించిన తెల్లదాని మీద నొక్కేస్తారు. తలంబ్రాల బియ్యం తెల్లగా అనిపిస్తాయి, కానీ వాటికి పసుపు కలిపి ఉంటుంది. దాని మీద నొక్కితే ఫోటో అంతా నీలం తిరుగుతుంది. నలుగు ఫోటోల్లోనైతే డ్రాపర్ జోలికే పోవద్దు. అక్కడ పసుపే కథ, దాన్ని సరిచేయాల్సిన లోపంగా చూడకూడదు. మధుపర్కాల తెల్ల నేత కొంత మెరుగైన ఆధారం, అంచుకు దూరంగా, నీడపడని చోట నొక్కాలి. అయితే బాగా తెల్లబరిచిన బట్ట ఫ్లాష్ కింద కొంచెం నీలంగా వస్తుంది. డ్రాపర్ ఆ నీలాన్ని తీసేయబోయి మొహాలను పసుపు చేస్తుంది. అందుకే నికరమైన దారి గ్రే కార్డు. వెలుగు మారిన ప్రతిసారీ, అంటే గౌరీపూజ గదిలో ఒకటి, మండపంలో ఒకటి, భోజనాల దగ్గర ఒకటి, ఆ కార్డును ఎవరో ఒకరి చేతికిచ్చి ఒక్క ఫ్రేము తీసుకోండి. తరవాత ఆ ఫ్రేము మీద డ్రాపర్ నొక్కి, మిగతావన్నీ ఎంచుకుని, సింక్‌లో వైట్ బ్యాలెన్స్ ఒక్కదానికే టిక్కు పెట్టండి. వందల ఫోటోలు ఒక్క దెబ్బకు దారికొస్తాయి.

ఇక ఒంటి రంగు. లైట్‌రూమ్‌లో ఫోటో మీద మౌసు పెడితే హిస్టోగ్రామ్ కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం శాతాలు కనిపిస్తాయి. చెంప మీద చూడండి. మామూలు వెలుగులో మనవాళ్ల చర్మానికి ఎరుపు అన్నిటికంటే ఎక్కువ, ఆకుపచ్చ మధ్యలో, నీలం అన్నిటికంటే తక్కువ ఉండాలి. నీలం ఆకుపచ్చను దాటిందంటే ఊదా లైటు మొహానికి అంటుకుందని అర్థం. మీ మానిటరు రంగులు నమ్మదగ్గవి కాకపోయినా ఈ అంకెలు ఆ తేడాను పట్టిస్తాయి.

ఈ సందర్భంలో ఒక మాట నొక్కి చెప్పాలి. పెళ్లికూతురు చామనఛాయలో ఉంటే ఆమెను చామనఛాయలోనే ఉంచండి. స్లైడర్లతో మొహాన్ని తెల్లబరచడం మన వృత్తిలో పాతుకుపోయిన చెడ్డ అలవాటు. ఇంటివాళ్లు అడుగుతున్నారు కాబట్టి చేస్తున్నామంటారు. నిజానికి చాలాచోట్ల వాళ్లు అడగకముందే చేసేస్తున్నారు. ఆ మొహంలోని ఛాయల తేడాలన్నీ మీ రా ఫైలులో వేల మెట్లుగా నమోదై ఉన్నాయి. వాటిని ఒక్క పొడి తెలుపులో కలిపేస్తే అంత ఖరీదు పెట్టి కొన్న కెమెరాకు అర్థమే లేదు. ఆమె తల్లి ఆ ఆల్బమ్ తెరిచినప్పుడు అందులో తన కూతురు కనిపించాలి.

ఊదా, నీలం ఎల్ఈడీల సంగతి వేరు. వాటి వెలుగులో ఒక్క రంగే దట్టంగా ఉంటుంది, ఎరుపు, ఆకుపచ్చ దాదాపు ఉండవు. టెంపరేచర్ ఎంత జరిపినా లేని రంగు రాదు. లైట్‌రూమ్ 6లో కింద ఉండే కెమెరా క్యాలిబ్రేషన్ ప్యానెల్ తెరిచి, బ్లూ ప్రైమరీ శాచురేషన్ తగ్గించి, హ్యూను కొంచెం ఎడమకు జరపండి. ముద్దగా మారిన నీలంలో మొహం గీతలు తిరిగి కనిపించడం మొదలవుతుంది. అయినా కుదరకపోతే ఆ ఫోటోను నలుపు తెలుపులో ఇవ్వండి.

ఎర్ర పట్టుచీర ఇంకో చిక్కు. కంచిపట్టు ఎరుపు మీద జరీ ఉంటే, ఫోటోలో జరీ నిలబడుతుంది గానీ ఎరుపు ఒకే ముద్దగా కనిపించి, మడతలు మాయమవుతాయి. హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత ఒక్కటే కుడిగోడకు అతుక్కుపోయి ఉంటుంది. చాలాసార్లు రా ఫైలులో ఆ ఎరుపు పాడైపోయి ఉండదు, బయటికి తీసే ఎస్ఆర్‌జీబీ రంగుల పరిధిలో అది పట్టదు, అంతే. శాచురేషన్ పెంచడం పూర్తిగా మానేయండి. హెచ్ఎస్ఎల్‌లో రెడ్ శాచురేషన్, రెడ్ ల్యూమినెన్స్ కొంచెం కొంచెంగా తగ్గిస్తే మడతలు తిరిగొస్తాయి. ఎస్ మీట నొక్కితే సాఫ్ట్ ప్రూఫింగ్ వస్తుంది. ఏ రంగులు పరిధి దాటుతున్నాయో అక్కడ గుర్తులతో కనిపిస్తాయి. ల్యాబ్ నుంచి ప్రింట్ వచ్చాక బాధపడేకంటే ఇక్కడే చూసుకోవడం మంచిది.

వెలుగు సరిచేయడం

లైట్‌రూమ్ 4 నుంచి 6 దాకా, సీఎస్6లోనూ బేసిక్ ప్యానెల్ పైనుంచి కిందికి పనిచేసుకుంటూ వెళ్లేలా అమర్చి ఉంది. ఎక్స్‌పోజర్ మధ్యస్థ వెలుగును తేలుస్తుంది. మొహం సరిగ్గా ఉండేదాకా దాన్ని జరపండి. తెల్ల పంచె ఎగిరిపోతే పోనివ్వండి, దాన్ని హైలైట్స్ చూసుకుంటుంది. తరవాత షాడోస్‌తో నల్లటి జుట్టులో కొంచెం వెలుగు. చివర్లో ఆల్ట్ మీట పట్టుకుని వైట్స్ స్లైడర్ కదిపితే తెర నల్లబడి, ఎగిరిపోతున్న చోట్లు మాత్రమే వెలుగుతాయి. బ్లాక్స్‌కు తెర తెల్లబడి, చీకట్లో మునిగిపోతున్నవి కనిపిస్తాయి. ఈ ఆల్ట్ అలవాటు ఒక్కటి చేతికి పడితే, మానిటరు వెలుగు ఎక్కువో తక్కువో అన్న అనుమానం తగ్గుతుంది.

లైట్‌రూమ్ 3 గానీ సీఎస్5 గానీ వాడేవారి స్లైడర్లు వేరు: రికవరీ, ఫిల్ లైట్, బ్రైట్‌నెస్. అక్కడ ఎక్స్‌పోజర్ పని వేరేగా ఉంటుంది. దాన్ని పెంచితే తెల్లటి భాగాలు గభాలున గోడకు తగులుతాయి. అందుకని ఎక్స్‌పోజర్‌తో తెలుపు హద్దు పెట్టుకుని, మొహాల వెలుగుకు బ్రైట్‌నెస్ వాడండి. ఫిల్ లైట్‌ను చివరిదాకా లాగకండి. నీడలు బూడిదరంగుకు తిరిగి, వస్తువుల అంచుల చుట్టూ వెలుగు గీత వస్తుంది.

మీ డిస్కులో 2008, 2009 నాటి రా ఫైళ్లు ఉంటే అవి ఇప్పుడు తియ్యండి. పాత ప్రాసెస్‌తో, అంటే 2012కు ముందటి ఇంజిన్‌తో, దిద్దినవాటిని లైట్‌రూమ్ 6లో తెరిస్తే, కొత్త ప్రాసెస్‌కు మార్చమంటారా అని ఒక గుర్తు కనిపిస్తుంది. మొత్తం ఫోల్డరును ఒకేసారి మార్చేయకండి. ఒక ఫోటోకు వర్చువల్ కాపీ తీసి, దాన్ని మార్చి, పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. అప్పట్లో తెల్లగా ఎగిరిపోయిందనుకున్న ఆకాశంలో మబ్బులు, చీకటనుకున్న గర్భగుడి ద్వారం మీద చెక్కడాలు చాలాసార్లు తిరిగొస్తాయి. ఆ రోజు కెమెరా కొలిచిన అంకెలే ఇవాళా ఫైలులో ఉన్నాయి. వాటిని చదివే ఇంజిన్ మాత్రమే మెరుగైంది. ఇప్పుడు మన మధ్య లేని పెద్దవాళ్ల ఫోటోలు ఆ ఫోల్డర్లలో ఉండొచ్చు. వాటితోనే మొదలుపెట్టండి.

బొమ్మలో ఒక భాగాన్నే దిద్దడానికి లైట్‌రూమ్ 6లో బ్రష్, గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్, రేడియల్ ఫిల్టర్ ఉన్నాయి. మనిషినో ఆకాశాన్నో తనే గుర్తించి మాస్క్ గీసే సదుపాయం అందులో లేదు. చేత్తో గీయాలి, టైం పడుతుంది. మొహాలకు రేడియల్ ఫిల్టర్ చాలు. మొదట అది గుండ్రానికి బయట పనిచేస్తుంది, ఇన్వర్ట్ మాస్క్‌కు టిక్కు పెడితే లోపలికి తిరుగుతుంది. ఈ గడి తెలియకపోవడం వల్లే చాలామంది రేడియల్ ఫిల్టర్ పనికిరాదని వదిలేశారు.

పాతది ఓడిపోయే చోటు

ఇది దాచిపెట్టి లాభం లేదు. రాత్రి రిసెప్షన్, ఫ్లాష్ వద్దన్నారు, ఐఎస్ఓ 12,800. ఈ ఫైలును లైట్‌రూమ్ 6లో శుభ్రం చేస్తే చుక్కలతో పాటు కనురెప్పల వెంట్రుకలు కూడా మెత్తబడతాయి. 2023లో లైట్‌రూమ్ క్లాసిక్‌లోకి వచ్చిన ఏఐ డీనాయిస్ ఈ పనిలో స్పష్టంగా ముందుంది. నేర్పుతో ఆ తేడాను పూడ్చలేం.

తగ్గించుకోవడం మాత్రం సాధ్యమే. డీటెయిల్ ప్యానెల్‌లో కలర్ నాయిస్‌ను 25 దగ్గరే ఉంచి, ల్యూమినెన్స్‌ను జాగ్రత్తగా, చర్మం ప్లాస్టిక్‌లా మారేలోపే ఆపండి. షార్పెనింగ్‌లో మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ పట్టుకుని పెంచితే తెల్లగా కనిపించే అంచులకే పదును పడుతుంది, నల్లగా ఉన్న చెంపలకూ గోడలకూ పడదు. గోడ మీది చుక్కలకు పదును పెట్టడం వల్లే సగం ఫోటోలు అధ్వాన్నంగా కనిపిస్తాయి. ఇంకా, ఫోటోను వంద శాతం జూమ్‌లో చూసి దిగులుపడకండి. దాన్ని ఎవరూ అలా చూడరు. 24 మెగాపిక్సెళ్ల ఫోటో 6,000 బై 4,000 పిక్సెళ్లు. 12 బై 36 ఆల్బమ్ షీటులో ఒక పేజీ 12 బై 18 అంగుళాలు, అంగుళానికి 300 చొప్పున దానికి కావలసింది 3,600 బై 5,400. పేజీలో పావు వంతు స్థలానికి ఫోటోను కుదించేసరికి చుక్కలు చాలావరకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ల్యాబ్‌కు పంపేటప్పుడు, వాళ్లు వేరే చెప్పకపోతే, ఎస్ఆర్‌జీబీ జేపెగ్ పంపండి. సీఎస్6లో ఇంకా పని ఉంటే మాత్రం మధ్యలో జేపెగ్ చేయకుండా 16 బిట్ల టిఫ్‌గా తీసుకెళ్లండి. అన్నీ అయ్యాక చివర్లో ఒక్కసారే జేపెగ్.

సాఫ్ట్‌వేర్‌ను కాపాడుకోవడం

పాత సాఫ్ట్‌వేర్‌కు ముప్పు ఎక్కువగా ఆపరేటింగ్ సిస్టమ్ వైపునుంచి వస్తుంది. మాక్‌లో 2019 నాటి కాటలీనాతో 32 బిట్ల ప్రోగ్రాములు ఆగిపోయాయి. సీఎస్6 నమ్ముకున్నవారు ఆ అప్‌డేట్ నొక్కాక వెనక్కి రాలేక ఇబ్బందిపడ్డారు. విండోస్ మీద లైట్‌రూమ్ 6 ఊరికే మూసుకుపోతుంటే, ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ కింద గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడకానికి ఉన్న టిక్కు తీసేసి చూడండి. కొత్త గ్రాఫిక్స్ కార్డులతో దానికి పొత్తు కుదరదు. మ్యాప్ విభాగం 2018 చివర్లోనే ఆగిపోయింది, అది చూసి సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకోవద్దు.

మీరు చేసిన మార్పులన్నీ క్యాటలాగ్ ఫైలులో ఉంటాయి. ఆ ఒక్క ఫైలు పాడైతే అన్నేళ్ల పనీ పోతుంది. వారానికోసారి దాన్ని వేరే డిస్కుకు కాపీ చేయండి. దానితోపాటు ఫోటోలన్నీ ఎంచుకుని కంట్రోల్, ఎస్ కలిపి నొక్కండి. రా ఫైళ్ల పక్కన ఎక్స్ఎంపీ అనే చిన్న ఫైళ్లు తయారవుతాయి, డీఎన్‌జీ అయితే ఆ వివరం లోపలే చేరుతుంది. రేపు మీరు కొత్త లైట్‌రూమ్‌కు మారినా మీ దిద్దుబాట్లు వెంట వస్తాయి. సీరియల్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇన్‌స్టాలర్‌ను రెండు చోట్ల ఉంచుకోండి.

డబ్బు పెట్టి కొనని కాపీ వాడుతున్నవారికి కూడా ఒక మాట. క్రాక్ చేసిన ఫోటోషాప్ వెంట ఏ వైరస్ వస్తుందో ఎవరూ చెప్పలేరు. కస్టమర్ల పెళ్లి ఫోటోలు ఉన్న కంప్యూటరులో దాన్ని ఉంచడం వాళ్ల నమ్మకంతో చెలగాటం. నికాన్ వారి ఎన్ఎక్స్ స్టూడియో, కానన్ వారి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్ ఉచితంగా దొరుకుతాయి, ఆయా కంపెనీల కొత్త కెమెరాలను నేరుగా చదువుతాయి. ఏ కంపెనీ కెమెరా అయినా సరే అనుకుంటే రా థెరపీ, డార్క్‌టేబుల్ ఉన్నాయి. ఇవి కూడా ఉచితమే. డార్క్‌టేబుల్ మొదట్లో అయోమయంగా ఉంటుంది, ఓపిక పట్టాలి. రా థెరపీలో లైట్‌రూమ్ అలవాటున్న చెయ్యి త్వరగా కుదురుకుంటుంది.

ఇక కొనాలా వద్దా అన్న ప్రశ్న. మీ ఫోటోల్లో ఎక్కువ భాగం చీకట్లో, ఫ్లాష్ లేకుండా తీసేవైతే, లేదా సీజన్‌లో వారానికి ఇన్ని వేల ఫోటోలు ఇచ్చితీరాల్సిన స్టూడియో మీదైతే, చందా కట్టండి. డీనాయిస్, మాస్కులు మిగిల్చే టైమే ఆ డబ్బు తిరిగి ఇస్తుంది. పగటి వెలుగులో తీసేవారికి, ఫ్లాష్‌తో పనిచేసేవారికి, పాత ఫోల్డర్లు తిరగదోడుతున్నవారికి, ఇంకా నేర్చుకుంటున్నవారికి లైట్‌రూమ్ 6, ఉచిత డీఎన్‌జీ కన్వర్టర్, ఒక గ్రే కార్డు సరిపోతాయి.